శనివారం పెళ్ళికి గురువారమే దిగేవాళ్ళకు

పుంతా అరేనాస్ నుంచి పదిహేడుమంది వస్తున్నారు.
"రెండు రోజులూ ఏం చూడాలో రాసిపెట్టు నాన్నా,
వల్పరైసో నీకంటే ఎవరికి తెలుసు" అంది రాయేన్.
ముప్పై ఒక్క ఏళ్ళు నేను చూసింది
ఒక కొండ, ఒక పెట్టె, ఒక ఇనుప తాడు.
అయినా పెన్ను తీశాను.

ముందు రేవుకి వెళ్ళండి.
ఓడలకోసం కాదు, ఓడలు మీకూ ఉన్నాయి.
చేపల బజారు వెనక సముద్రసింహాలు
అప్పు తీర్చమని వచ్చి
అరుగు దిగని వాళ్ళలా పడుకుని ఉంటాయి.
వాటికేం పెట్టకండి.
వేయించిన చేప ఎర్మోహెనెస్ దగ్గరే తినండి,
నా పేరు చెప్పకండి, చెబితే రేటు పెంచుతాడు.

గాలి గురించి మీకు చెప్పను.
తాతకు దగ్గులు నేర్పినట్టుంటుంది.

పాత ట్రాలీ బస్సు ఎక్కండి.
ఎక్కడికి పోతుందని అడగొద్దు,
పోయిన దారినే తిరిగొస్తుంది.

గోడల మీద బొమ్మలు ఎవరైనా చూపిస్తారు.
రేకుల ఇళ్ళకు ఆ రంగులు
ఓడలకు వేయగా మిగిలినవని మా అమ్మ అనేది.
నిజమో కాదో,
పెళ్ళివారు నమ్మితే నష్టం లేదు.

మా వీధి కుక్కలకు యజమానులు లేరు, ఉద్యోగాలున్నాయి.
ఒకటి మీతోపాటు మెట్లు దిగితే
కింద ఆగి దాని ముఖం చూడండి.
జీతం ఒక బిస్కెట్టు.

తర్వాత నా లిఫ్టు.
మరమ్మతులో ఉందని బోర్డు.
బోర్డుకే నాలుగేళ్ళు నిండాయి.
కొండ నడుమ రెండు పెట్టెలూ దాటుకునే చోట
ఎక్కేవాడికీ దిగేవాడికీ మధ్య
ఒక జానెడు సముద్రం ఉండేది.
మా అమ్మాయి మీ మీర్కోని మొదట చూసింది అక్కడేనట.
మొన్ననే తెలిసింది.
బ్రేకు నా చేతిలోనే ఉంది ఆరోజు,
ఒక్క నిమిషం ఆపి ఉండొచ్చు,
మామూలుగానే వదిలేశాను.

రాయేన్ చదివి సగం కొట్టేసింది.
"మంగలి షాపు ఎందుకు నాన్నా?"
అద్దంలో రేవంతా కనిపిస్తుంది కదే,
గడ్డం గీయించుకునేవాడికి మాత్రమే.

రాత్రి ఫోను. అవతల గాలి హోరు.
పెళ్ళికొడుకు నాయనమ్మ, దోన్యా దానిత్సా, ఎనభై మూడేళ్ళు.
"నిబాల్దో, మా ఊరు చాప పరిచినట్టుంటుంది.
మీ దగ్గర అన్నీ మెట్లేనట.
చూసేవి సరే నాయనా,
కూర్చునేది ఎక్కడ?"

జవాబు దొరకలేదు.
బ్రేకు పక్కన నిలబడే బతికినవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే పెన్సిలు పట్టుకుని బయల్దేరి
కనబడిన చోటల్లా కూర్చున్నాను.
రొట్టెల కొట్టు ముందు బల్ల బాగుంది,
ఐదింటికి వేడి రొట్టె దిగుతుంది, వీపుకి కాక.
చర్చి పక్క గోడ మూడు దాటాక వెచ్చన.
మా వీధిలో నూట అరవై రెండు మెట్లు.
ముప్పై నాలుగోది వెడల్పు, ఇద్దరు పడతారు.
డెబ్భై ఒకటో మెట్టు దగ్గర సెన్యోరా ఓతీలియా
అడక్కుండానే కుర్చీ వేస్తుంది, అడిగితే టీ.
పెళ్ళికొచ్చామని చెబితే తన పెళ్ళి మొదలుపెడుతుంది,
సాయంత్రం దాకా తీరిక ఉంటేనే చెప్పండి.
బస్టాండు బెంచీకి ఒక కాలు పొట్టి, సన్నవాళ్ళు కూర్చోవచ్చు.
మంగలి కుర్చీ మళ్ళీ రాశాను.
ఈసారి రాయేన్ కొట్టేయలేదు.

చివరిది ఎవరికీ చూపించని కాగితం మీద రాశాను.
దోన్యా దానిత్సా, శుక్రవారం నాలుగింటికి
బోర్డు ఉన్నచోటికి రండి.
తాళం చెవి అడగడం వాళ్ళు మర్చిపోయారు,
ఇవ్వడం నేనూ మర్చిపోయాను.
లోపల చెక్క బల్ల తుడిచి ఉంచుతాను.
పెట్టె కదలదు, భయం లేదు.
మీరు కూర్చోండి.
నేను బ్రేకు పక్కన నిలబడతాను.